ఎర్రపువ్వు వచ్చిన రోజు

అమ్మ గుండెకు ఆపరేషన్ చేయక తప్పదని వేలూరులో డాక్టరు చెప్పాడు. అమ్మ తొణకలేదు. "అమ్మవారిని అడిగి చెప్తా నాయనా," అంది. నాకు ఒళ్ళు మండింది.

మా ఇంట్లో పెద్ద పని ఏదైనా గుడియాత్తంలో మా వీధి అమ్మవారిని అడిగాకే. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి విడివిడిగా ఆకులో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. అడగాల్సింది మనసులోనే అడుక్కోవాలి. గుడికొచ్చిన చిన్నపిల్ల ఎవరైనా ఒక పొట్లం తీస్తుంది. తెలుపు వస్తే సరేనని, ఎరుపు వస్తే వద్దని. బావి ఎండిపోయి నాన్న సేద్యం మాని తాపీ పట్టినప్పుడూ, నా పెళ్ళప్పుడూ, నాన్న పోయాక ఈ ఊళ్ళోనే ఉండాలా అన్నప్పుడూ అమ్మ ఇలాగే అడిగింది. వచ్చిన జవాబుకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. అదే నా భయం.

"ఆపరేషన్ సంగతి అమ్మవారికేం తెలుసు?" అన్నాను.

"నీ డాక్టరుకు నేర్పించినోళ్ళు ఎవురప్పా?" అంది.

గుడిలో పిల్ల పొట్లం విప్పింది. ఎర్రగన్నేరు.

అమ్మ పువ్వును కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చి అమ్మవారినీ అమ్మనూ కలిపి తిట్టాను. నేనూ తాపీమేస్త్రీనే; మర్నాడు వేలూరు పక్కన సత్తువాచారిలో గోడ కడుతుంటే చెయ్యి కుదరక, కట్టిన వరసే విప్పి మళ్ళీ కట్టాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ బట్టలు సంచిలో సర్దుకుని కూర్చుంది.

"సరి, వేలూరికి ఎప్పుడు పోదాం?"

"ఎర్రపువ్వు వచ్చింది కదమ్మా!"

"నేనడిగింది ఆపరేషన్ గురించా? నువ్వు రమ్మంటే రాకుండా ఉంటానా? భయపడాల్నా తల్లీ అని అడిగినా. వద్దనింది."

ఏమడిగావని ఒక్క మాట అడగకుండానే అంత గొడవ చేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు వచ్చి ఆ మాట చెప్పగానే వరండాలో అందరి ముందూ ఏడ్చేశాను. అన్నాళ్ళ బరువూ ఒక్కసారిగా దిగిపోయింది. మనం చేయగలిగింది చేశాక మిగిలింది ఎవరి చేతిలో ఉంటుందో అమ్మకు ఎప్పటినుంచో తెలుసు. నాకు ఆ రోజు తెలిసింది.

మాట్లాడే ఓపిక రాగానే అమ్మ అడిగింది: "భయపడినావా నాయనా?"

"లేదమ్మా," అని అబద్ధమాడాను.

"నేను పడినా," అంది నీరసంగా నవ్వుతూ. "వద్దని చెప్పినాక గూడా పడినా. అమ్మవారు ఏమనుకుంటాదో ఏమో!"