చల్లని చెమట

చోడవరం చుట్టుపక్కల బెల్లం వండటంలో పరదేశికి మంచి పేరు. చెరుకురసం పెనం పొయ్యెక్కించిన చెయ్యే దాన్ని దించాలి, మధ్యలో వదిలేస్తే లక్ష్మి అలుగుతుందని మావైపు నమ్మకం. ఆ నియమం అతను ఏనాడూ తప్పలేదు.

ఆ మాఘమాసం ఉదయం చెరుకురసం పొంగుతూండగా గుండెమీద అరచెయ్యి ఆనించుకున్నాడు.

"ఏటి మావా?" అంది, పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న భార్య దేముడమ్మ.

"ఏటీ నేదే. గుండెలమీద తిరగలెట్టినట్టుంది. వాయువు."

"రాత్రి ఉలవచారు కుండతో ఎత్తేసేవు మరి!" అని నవ్వేడు తోటి పనివాడు దాసు. నవ్వుతూనే పరిగెత్తి వాము తెచ్చి నోట్లో పోసేడు.

నొప్పి తగ్గలేదు. ఎడమచేతిలోకి, దవడలోకి పాకింది. ఒళ్ళంతా చెమట. పొయ్యి దగ్గర చెమటని ఎవరు పట్టించుకుంటారు? అందరికీ కారుతోంది. కళ్ళల్లో పడుతోందని దేముడమ్మ కొంగుతో అతని నుదురు తుడిచింది. తుడిచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంత సెగలోనూ ఆ చెమట చల్లగా ఉంది.

"లెగు మావా. డాక్టరు కాడికెల్దాం."

"పాకం రానీవే. లచ్చిమమ్మోరు ఊరుకుంటాదా?"

"అమ్మోరికి నాను సెప్పుకుంటాను!" అని మండుతున్న పిప్పి బయటికి లాగి నీళ్ళు కుమ్మరించేసింది.

పరదేశి లేవబోయి కూలబడ్డాడు. నులకమంచం మీద మోసుకెళ్ళేరు. దారినపోయేవాడెవరో, పేరైనా చెప్పకుండా, మంచం కోడు దాసు భుజం మీంచి తన భుజానికి మార్చుకున్నాడు.

డాక్టరు అనంతపద్మనాభం గారు ఇంజెక్షన్ ఇచ్చి అన్నారు: "వాయువు కాదమ్మా, గుండెపోటు. గుండెకి రక్తం తెచ్చే నాళం మూసుకుపోయింది. గుండెల్లో బరువు, చేతికీ దవడకీ పాకే నొప్పి, చల్లటి చెమట, ఇవన్నీ అది పెట్టే కేకలే. పాకం వచ్చేదాకా ఆగుంటే దక్కేవాడు కాదేమో. కొన్ని వారాలు మంచం దిగకూడదు."

నొప్పి పోయేసరికి పరదేశి మొండికేశాడు. "బాగానే ఉన్నాను కదా బాబూ, పనికెల్తాను."

డాక్టరుగారు వాదించలేదు. తన స్టెతస్కోపు గొట్టాలు అతని చెవుల్లో పెట్టి, బిళ్ళని అతని గుండెకే ఆనించేరు. పరదేశి కళ్ళు పెద్దవయ్యేయి.

"ఈ సప్పుడు ఎవలిది బాబూ?"

"నీదే."

"నాను తొంగున్నప్పుడో?"

"అప్పుడూ ఆగదు. నీ తల్లి కడుపులో మొదలెట్టింది, ఒక్కపూట సెలవడగలేదు. ఇప్పుడు దెబ్బతింది. కాస్త ఊపిరి తీసుకోనీ."

అతను గొట్టాలు భార్యకిచ్చేడు. దేముడమ్మ వింటూ వింటూ, గర్భగుడి తలుపు తీసినప్పటిలా, లెంపలేసుకుంది.

"తొంగో మావా," అంది గుసగుసగా.

పరదేశి గుండెమీద చెయ్యేసుకుని, పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లిగా, తలగడ మీదికి ఒరిగేడు.