బురుజు మీద ఎవరి జాగా వాళ్లది

నా చిన్నప్పుడు, బచ్చన్నపేట అవతలి మా ఊళ్లో, కొత్త బడి గోడలకు రాయి కావాలని పాత బురుజును కూలగొట్టబోయారు. వద్దన్నది మా అవ్వ ఒక్కతే. సాయుధ పోరాటం రోజుల్లో దొర మనుషులు ఊరి మీద పడితే, ఆ బురుజెక్కి వడిసెలతో రాళ్లు విసిరి తరిమిన ఆడవాళ్లలో ఆమె ఒకతె.

రాళ్లు కొట్టే అన్న గడ్డపారతో వచ్చేసరికి అవ్వ నన్ను వెంటబెట్టుకుని బురుజు మీద కూర్చుంది.

"దిగు అవ్వా, బడికే గదా! దొరకేమన్న మేడ కడుతున్నమా?" అన్నాడతను.

"దిగుత బిడ్డా. కూలగొట్టాల్నంటే మొదలు నువ్వు పైకి రావాలె గద, రా."

ఎక్కి వచ్చినవాణ్ణి భుజాలు పట్టి తూర్పు వైపు పిట్టగోడ సందు దగ్గర నిలబెట్టింది. "గిది మీ అమ్మ జాగ. అప్పుడు నువ్వు కడుపుల ఉన్నవు. ఇంటికి పోవే అంటే, నా కడుపు నీకేం అడ్డమొచ్చిందే అని నన్నే తిట్టింది."

అతను ఆ సందులోంచి పొలాల దాకా చూస్తూ ఉండిపోయాడు.

కింద ఒక కుర్రవాడు నవ్వాడు. "మా నాయినమ్మ గూడ కొట్లాడిందంటవా ఏంది? ఆమెకు పిల్లిని జూస్తేనే భయం!"

"భయమే. వణుక్కుంటనే రాళ్లందించింది. పైకి రారా, చూపిస్త."

వాడూ ఎక్కాడు. ఇక మా అమ్మదెక్కడ, మా అత్తదెక్కడ అంటూ ఊరంతా మెట్ల మీదే. మధ్యాహ్నానికి గడ్డపార ఎక్కడ పెట్టాడో ఆ అన్నకే గుర్తులేదు. మర్నాడు అందరూ బండ్లు కట్టుకుని గుట్టకు పోయి బడికి రాయి తెచ్చారు. బడి ఆలస్యమైంది కానీ, లేచింది.

ఆ బడికి నేను పోలేదు. ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. బురుజు సంగతి మాత్రం ఏ అక్షరమూ రాకముందే నాకు కంఠతా వచ్చు. పట్నం నుంచి పిల్లలొస్తే నేనే ఎక్కించి, ఎవరి జాగాలో వాళ్లను నిలబెడతాను.

ఆ రోజు అవ్వ అందరివీ చూపింది, తనది తప్ప. అందరూ దిగిపోయాక నేనడిగితే మెట్లు పైకి వచ్చే చోటుకు తీసుకుపోయింది. దొర మనుషులు ఎక్కి వస్తే మొదటి దెబ్బ పడేది అక్కడే. ఇప్పటికీ అక్కడికి రాగానే నా గొంతు దానంతటదే పెద్దదవుతుంది. "గిది మా అవ్వ జాగ" అంటాను.