తెరవకుండా పారేసిన డబ్బా

"ఏమయ్యా, ఊరందరి తాళంచెవులూ ఇంట్లో పెట్టుకుని నీకు నిద్రెలా పడుతుంది?" అని ఒక పోలీసాయన ఎప్పుడో అడిగాడు. తాళాల మేస్త్రి నవ్వేసి ఊరుకున్నాడు. నిజానికి పట్టేది కాదు.

ఎవరికి తాళంచెవి చేసినా అలాంటిదే ఇంకొకటి చేసి, ఇంటి నంబరు రాసిన చీటీ దారంతో కట్టి, బిస్కెట్ల డబ్బాలో పడేయడం అతని అలవాటు. పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ వస్తే పని చిటికెలో అయిపోతుంది. మంచం కింద ఆ డబ్బా, దాని చుట్టూ అలాంటి డబ్బాల్లోనే విరిగిన గొళ్లేలు, తుప్పుపట్టిన తాళాలు, అరిగిపోయిన ఆకురాళ్లు.

ఇంట్లో పాత సామాను వదిలించుకుంటే మనసు తేలికపడుతుందని కూతురు ఎక్కడో విని వచ్చింది. ఇలాంటి మాటలు చెప్పేవాళ్లు, పారేసినవి ఎవరి చేతిలో పడతాయో మాత్రం చెప్పరు.

"డబ్బాలు తెరవకు నాన్నా! తెరిచావంటే ఒక్కటీ పారెయ్యవు."

"ఏముందో చూడొద్దూ?"

"చూశావంటే ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని ముద్దు చేస్తావు. వద్దు!"

తెరవలేదు. పాత సామాన్లవాడు తూకం వేసి అన్నీ పట్టుకుపోయాడు. మేస్త్రి ఆ మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. లేచి మంచం కిందికి చూశాడు. తాళంచెవులు చీటీలతో సహా పోయాయి!

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. దారి పొడవునా తలుపులే కనిపించాయి. ఒంటరిగా ఉండే నర్సమ్మది ఒకటి. పిల్లల్ని లోపల ఉంచి డ్యూటీకి పోయే డ్రైవరుది ఇంకొకటి.

పాత సామాన్లవాడి కొట్టులో డబ్బా మూత ఊడి ఉంది. సగం ఖాళీ.

"ఇత్తడి కదా బాబాయ్, ఎవడో బేరమాడి ఏరుకుపోయాడు."

"ఎవడు?"

"వచ్చేవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంటే నాకు గడిచినట్టే!"

పోయినవి ఎవరివో తెలుసుకుందామంటే, ఇన్నేళ్లలో ఎవరెవరికి చేశాడో అన్నీ గుర్తులేవు. ముందు నర్సమ్మ తలుపు కొట్టి, సంగతి చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"మా తాళంచెవి నీ దగ్గరెందుకుంది?"

అతను గడప బయటే వంగి తాళం కొలత చూడసాగాడు.

"మరి తలుపు కొట్టడం దేనికి? తాళం నువ్వే తీసుకుని లోపలికి వచ్చెయ్యకపోయావా!"

అప్పటికప్పుడు తాళం మార్చాడు. తర్వాత డ్రైవరు ఇల్లు, ఆ తర్వాత గుర్తొచ్చిన ప్రతి ఇల్లూ. భయమంతా గుర్తురాని ఇళ్ల గురించే. ఎక్కడైనా దొంగతనం జరిగిందని వింటే చాలు, ఇంటి నంబరెంతని అడుగుతాడు.

కొత్త తాళాల తాలూకు తొమ్మిది వేల ఆరు వందలు టోకు కొట్టుకు ఇంకా బాకీ ఉంది.