ఫ్రాన్సుకు నేను రాజును పెట్టిన రోజు

ఒక మనిషి ఒక్క మధ్యాన్నంలో పరాయి దేశానికి రాజును పెట్టి, ఆ దేశంలో ఉన్న నదులన్నీ ఎండగట్టి, బళ్లన్నీ మూయించి, పొద్దు గుంకే లోపల ఠాణాలో కూచోగలడా అంటే, కూచోగలడు. నేను కూచున్నా. కొంప మునగడం అంటే ఏందో తెలియని అదృష్టవంతులు ఉంటే కొంచెం దగ్గరికి జరగండి, చెప్తా.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మేము పుదుచ్చేరిలో ముత్తియాల్‌పేట తెలుగోళ్లం. తాతల కాలం నుంచీ మగ్గం మీదే బతుకు. నేను మాత్రం ఫ్రెంచి బళ్లో చదివి, చొక్కా తొడుక్కుని, మగ్గం ఉన్న గదిలోకి తొంగి కూడా చూడకుండా తిరిగేవాణ్ణి. మా నాయన చూసి చూసి ఒకనాడు తేల్చి చెప్పేసినాడు.

"ఒరే మునిరత్నం, ఈ నెల దాటేలోగా ఉద్యోగం తెచ్చుకుంటివా, సరే. లేదంటే మగ్గం గుంటలో దిగాల్సిందే. ఆపైన నువ్వు ఏడ్చినా వినను."

సరిగ్గా అప్పుడే యానాం బడికి ఒక అయ్యవారు కావాలని తెలిసింది. యానాం కూడా మా ఊరి మాదిరి ఫ్రెంచోళ్ల ఏలుబడిలోని ఊరే. ఆ ఊరి పిల్లలకు ఫ్రాన్సు దేశం ఎట్లుంటుంది, అక్కడి జనం ఎట్లా బతుకుతారు అనేది తెలుగులో చెప్పాల. ఇది నాకోసమే పుట్టిన ఉద్యోగం! అర్జీ పెట్టినా. త్వరలో ఒకరు వచ్చి పరీక్ష చేస్తారని జవాబొచ్చింది. ఒకరు అంటే టోపీ పెట్టుకున్న తెల్లదొరే అని నాకు నేనే ఖాయం చేసుకున్నా. పది దినాలు ఇంటిల్లిపాదినీ ఫ్రాన్సు పాఠం చెప్పి చంపినా. మా అమ్మ పిండి రుబ్బుతా ఉంటే పోయి, "అమ్మా, ఫ్రాన్సులో రాజు లేడు, తెలుసునా?" అంటే, "లేకపోతే నన్నేం చెయ్యమంటావు? పక్కకి జరుగు, వెలుతురు రానీ" అనేది.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోతే మీకు నా మీద జాలి కలగదు. ఆ రోజుల్లో మా ఊరి చుట్టూ ఇంగ్లీషోళ్లు ఏలే సీమలో సర్కారుతో తగాదా పెట్టుకున్నవాళ్లు కొందరు వచ్చి మా ఊళ్లో తలదాచుకున్నారు. వాళ్ల వెనకాలే ఇంగ్లీషోళ్ల వేగులవాళ్లు దిగినారు. సన్యాసి వేషంలో ఒకడంట, గాజులోడి వేషంలో ఒకడంట. ఇంక ఊరంతా ఒకర్నొకరు కింది నుంచి పైదాకా చూసుకోవడమే పని. గాజులాయన ఎక్కువ మాట్లాడితే వేగు, మాట్లాడకుంటే ఇంకా పెద్ద వేగు. మా ఇంటి ముందర పడుకునే కుక్కను కూడా రెండు దినాలు నేను నమ్మలేదు. అది చెవులు మరీ నిక్కించి వింటా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాన్నం అరుగు మీద కూచుని ఉండాను. యాభై ఏళ్ల మనిషి ఒకాయన వచ్చి నిలబడినాడు. తలపాగా, చేతిలో గొడుగు, చంకలో నోటుపుస్తకం.

"ఏవండీ, మునిరత్నం గారంటే తమరేనాండీ?"

మా పేటలో నన్ను 'ఒరే' అనే తెలుగే గానీ 'గారు' అనే తెలుగు పుట్టి బుద్ధెరిగి వినలేదు. నన్ను గారు అన్నాడంటే ఇందులో ఏదో కుట్ర ఉండాల.

"నేనే. ఏం కావాల?"

"ఏం లేదండీ. ఫ్రాన్సు గురించి మీకు బాగా తెలుసని విన్నాను. నాలుగు ముక్కలు చెబుతారేమోనని."

"తమరిది యాడ?"

"గోదావరి ఒడ్డునండీ."

గోదావరి! ఇంగ్లీషోళ్ల సీమ! దొరికినాడురా దొంగ అనుకున్నా. ఇట్లాంటోణ్ణి పట్టిచ్చినానంటే తెల్లదొర పరీక్షా గిరీక్షా లేకుండా ఉద్యోగం చేతిలో పెట్టడా? అయితే పట్టిచ్చేలోగా వీడికి ఒక్క నిజం కూడా దక్కనీయకూడదు.

ఆయన పుస్తకం తెరిచినాడు. "ఫ్రాన్సుకు రాజు ఎవరండీ?"

గాలం! నేను చుట్టూ చూసి గొంతు తగ్గించినా. "ఉండాడు. పేరు మాత్రం బయటికి చెప్పరు."

"అలాగాండీ! మరి ఎన్నికలు, అధ్యక్షుడు అంటారు?"

"అవన్నీ ఉత్తుత్తివి."

రాసుకున్నాడు. "నదులండీ?"

నదులు చెబితే రేపు ఇంగ్లీషోళ్లు పడవలేసుకుని రారా? "ఒక్కటి కూడా లేదు. అంతా బావి నీళ్లే."

"అయ్యో పాపం. మరి ద్రాక్షతోటలు ఎలా పండుతాయండీ?"

"ద్రాక్ష ఏంది? ఆడ ఎవరూ సారాయి ముట్టరు. మజ్జిగ తాగుతారు."

"రొట్టె తింటారని విన్నానండీ."

"ఎవరో గిట్టనోళ్లు చెప్పుంటారు. పొద్దున సంకటి, మాపు సంకటి."

ఆయన పెన్సిలు ఆగింది. ఆ ముక్క రాసుకోకుండానే అడిగినాడు. "పిల్లల చదువుల సంగతేంటండీ?"

"బళ్లే లేవు. ఆ దేశంలో చదువు నిషేధం."

ఆయన ముఖం కందగడ్డ అయింది. వేగు బెదిరినాడు, ఇదే సమయం అనుకున్నా. "రండయ్యా, ఫ్రాన్సు బొమ్మలు చూపిస్తా" అని నేరుగా ఠాణాకు తీసుకుపోయినా. పారిపోకుండా గొడుగు నేనే పట్టుకున్నా. ఎండకు గొడుగు వదిలి ఏ వేగూ పరిగెత్తడని నా లెక్క.

ఠాణాలో అడుగు పెడతానే అరిచినా. "అయ్యా, ఇంగ్లీషోళ్ల వేగును పట్టినా!"

ఠాణా పెద్ద కుర్చీలో నుంచి లేచి నిలబడినాడు. నా వైపు కాదు, ఆయన వైపు. చేతులు జోడించి, "రండి పెద్దయ్యా! యానాం బడి ఎట్లుండాది?" అని అడిగినాడు.

నా చేతిలో గొడుగు కింద పడింది. "యానామా? తమరిది గోదావరి ఒడ్డు అంటిరే!"

"యానాం గోదావరి ఒడ్డునే ఉందండీ. నేను పుట్టక ముందు నుంచీ అక్కడే ఉంది."

నన్ను తిట్టండి, నాలుగు కొట్టండి. సెన్ నది యాడ పుట్టి యాడ కలుస్తుందో నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ఉద్యోగం కోసం అర్జీ పెట్టుకున్న ఊరు ఏ నది ఒడ్డున ఉందో ఒక్కర్నీ అడగలేదు. యాడో మా దగ్గరి ఫ్రెంచి ఊరు కారైకాల్ పక్కన ఉంటుందిలే అనుకున్నా. ఆయన ఆ బడికి పెద్ద. నన్ను పరీక్ష చెయ్యడానికి ఓడెక్కి వచ్చిన మనిషి.

నేను ఆయన కాళ్లకు అడ్డం పడినా. "అయ్యా, రాజు లేడు! జనం ఎన్నుకున్నవాళ్లే ఏలుతారు! నదులు సెన్, లువార్, గారోన్, రోన్! పిల్లలందరికీ బడి తప్పనిసరి, ఫీజు కట్టే పని లేదు! గుడి వేరు, సర్కారు వేరు! రొట్టె లేకుండా ముద్ద దిగదు, ద్రాక్షసారా లేకుండా ముద్ద కదలదు!"

పెద్దాయన పుస్తకం తెరిచి నా అరుగు మీది పాఠమంతా వినిపిస్తే, ఠాణా పెద్ద కళ్లు చిన్నవి చేసి నన్ను చూసినాడు. "అంటే, అన్నీ తెలిసే అబద్ధాలు చెప్పినావు. రాజును దాచిపెట్టినారు, బళ్లు మూసేసినారు అని ఫ్రాన్సు మీద పుకార్లు పుట్టిస్తా ఉండావు. పైగా సర్కారు బళ్లో దూరాలని చూస్తా ఉండావు. నిన్ను పంపించిందెవరు?"

"నేనా? అయ్యా, వేగు నేను కాదు!"

"పట్టుబడ్డ ప్రతి వేగూ అనే మాటే అది."

మా నాయనకు కబురు పోయింది. భుజాన తువ్వాలతో పరిగెత్తుకొచ్చి, సంగతంతా విని, నన్ను ఒకసారి చూసి, చేతులు జోడించినాడు. "అయ్యా, వీడు వేగా? ఆ పనికి బుర్ర కావాల గదా. వీడికి అది లేదు. కావాలంటే పేటలో ఎవర్నైనా అడగండి, అందరూ వచ్చి చెప్తారు."

ఠాణా పెద్ద అనుమానం ఆ క్షణంలోనే తీరిపోయింది. ఆ వాంగ్మూలం మొత్తం ఫ్రెంచిలో రాసుకున్నాడు. అయితే రాసింది సాక్షికి చదివి వినిపించాలంట. మా నాయనకు ఫ్రెంచి రాదు. కాగితం నా చేతికిచ్చి, "చదివి తెలుగులో చెప్పు" అన్నాడు.

చదివినా. "ఈ యువకుడికి వేగు పనికి కావలసిన తెలివి లేదనీ, ఏనాడూ లేదనీ, ఈ సంగతి పేటలో అందరికీ తెలుసుననీ కన్నతండ్రి ప్రమాణపూర్వకంగా చెప్పడమైనది." కింద తర్జుమా చేసినవాడు అని సంతకం కూడా నేనే పెట్టినా.

"సరిగ్గా ఉండాది" అని మా నాయన వేలిముద్ర వేసినాడు.

యానాం పెద్దాయన గొడుగు దులుపుకుని లేచినాడు. "తర్జుమాలో ఒక్క తప్పు లేదండీ మునిరత్నం గారూ" అన్నాడు. ఉద్యోగం మాత్రం ఇంకొకరికి ఇచ్చినాడు.

ఆ దినమే ఒట్టు పెట్టుకున్నా. మీరంతా సాక్షి. ఈ జన్మలో ఏ దేశాన్నీ కాపాడే పని నేను నెత్తినేసుకోను. ఫ్రాన్సు అయినా సరే, ఇంగ్లండు అయినా సరే, చివరికి మా పక్కూరు అరియాంకుప్పం అయినా సరే, ఎవరి బాగు వాళ్లే చూసుకోవాల.