చివరి ఫారం లేని నవల

2017 జూన్‌లో నన్ను గ్రేడు-2 గ్రంథపాలకురాలిగా శృంగవరపుకోట దగ్గర ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. అదే నా చివరి పోస్టింగు. అక్కడ ఎక్కువ చేతులు మారిన పుస్తకం ఒక మాయాలోకపు నవల. మంచుగోడ అవతలికి వెళ్లిపోయిన తమ్ముడి కోసం ఒక అక్క దీపం పట్టుకుని నిలబడుతుంది. అక్కడితో ఆఖరు.

బజారులో బట్టలు కుట్టే పైడమ్మ నేను రాకముందు నుంచీ దాన్ని ఏటా ఒకసారి తీసుకెళ్లేది. ఆమె తమ్ముడు పదహారో ఏట ఇంట్లో తగువుపడి వెళ్లిపోయాడు. ఇరవై అయిదేళ్లయినా కబురు లేదు.

మరుసటి ఏడాది ఆ నవల సినిమాగా వచ్చింది. చూసిన మర్నాడే పైడమ్మ పరుగున వచ్చింది.

"అమ్మగారూ, సినిమాలో తమ్ముడు వచ్చీసినాడు! అక్కని సూసి ఎక్కెక్కి ఏడ్సినాడు. మీ పుస్తకంలో ఎందుకు రాలేదేటి? అట్ట సూస్తే కొత్త పెళ్లికూతురు, లోపల సరుకు లేదు!"

సినిమావాళ్లు కల్పించి ఉంటారని చెప్పబోయి, ఆగి పుస్తకం తెరిచాను. 'సమాప్తం' అన్న మాట లేదు. మా పుస్తకంలో పదహారేసి పేజీలు ఒక మడత. దాన్ని ఫారం అంటారు. మా ప్రతి 320వ పేజీతో, అంటే సరిగ్గా ఇరవయ్యో ఫారంతో ఆగింది. నేను రాకముందెప్పుడో తిరిగి బైండు చేసినప్పుడు ఆఖరి ఫారం ఊడిపోయింది. వాక్యం తెగలేదు గనక ఎవరికీ అనుమానం రాలేదు.

విజయనగరం నుంచి పూర్తి ప్రతి తెప్పించి ముందు నేను చదివాను. అందులోనూ తమ్ముడు వస్తాడు. కాని మంచుగోడ అవతల కాలం కదలదు. వెళ్లినప్పటి వయసుతోనే వస్తాడు. ముసలిదైపోయిన అక్కను పోల్చుకోడు. మంచినీళ్లడిగి తాగి, మా అక్క ఇల్లెక్కడని ఆమెనే అడుగుతాడు.

సినిమా చూసి పైడమ్మ సంతోషంగా ఉంది. ఇది చూపించాలా వద్దా అని కొన్నాళ్లు తటపటాయించాను. చివరికి పిలిచి ఇచ్చాను. ఆమె బల్ల దగ్గరే కూర్చుని ఆ పదహారు పేజీలూ చదివింది.

"సినిమావోళ్లు మంచోళ్లమ్మా. పోల్చుకోనిచ్చినారు," అంది. పుస్తకం మూసి, "నా కళ్లల్లో ఆడింకా మీసం రాని గుంటడే. ఇప్పుడొచ్చి నా కొట్టు ముందు నిలబడితే, 'కొలతకి సొక్కా తెచ్చినావా బాబూ' అని నానే అడుగుతానేమో," అంది.



ఆ ఫారాన్ని జిరాక్సు తీయించి పాత ప్రతిలో కుట్టించాను. పైడమ్మ మరుసటి ఏడాదీ ఆ నవల తీసుకుంది. సినిమా మాత్రం మళ్లీ చూడలేదని చెప్పింది.

బైండింగు నుంచి వచ్చిన పుస్తకాన్ని ఆఖరి పేజీ దాకా చూశాకే బీరువాలో పెట్టాలని మాకు ఉద్యోగంలో చేరినప్పుడే నేర్పారు. ఊడిపోయిన ముగింపును, అది ఎలాంటిదైనా, అప్పటికే చదివేసినవారికి అందజేయడం కూడా ఆ పనిలో భాగమేనని అక్కడ నేర్చుకున్నాను.