ఉత్తరాన వేసిన బెంచీలు

నిన్న మనవణ్ణి వెంటబెట్టుకుని, అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో మా అమ్మాయి ఇంటి పక్కనున్న పార్కుకు వెళ్లాం. నేను అలవాటు కొద్దీ నా నీడను ఒకసారి చూసుకుని, దగ్గరగా ఉన్న బెంచీ వదిలేసి దూరంగా ఉన్నదానిమీద కూర్చుని, ఇక్కడికి ఇంకో గంట ఎండ రాదన్నాను. మా అమ్మాయి ఫోన్ తీసి, ఏ వేళకు ఏ చెట్టు నీడ ఎటు పడుతుందో బొమ్మ వేసి చూపించే యాప్ ఒకటి తెరిచి, "అమ్మా, ఎగ్జాక్ట్‌గా నువ్వు చెప్పినట్టే చూపిస్తోంది. నీకెలా తెలుసు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేను పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, విమానం దిగిన మనవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది కంప్యూటర్ల వాళ్లే. మా ఆయనా అంతే. రెండువేల సంవత్సరం రాగానే, చివరి రెండు సున్నాలు చూసి కంప్యూటర్లన్నీ మతి తప్పుతాయని లోకమంతా బెంబేలెత్తిపోతుంటే, ఆ భయమే మాకు వీసా అయి, అనంతపురం నుంచి అడిలైడ్ చేర్చింది. నేను చదివింది భవనాల నమూనాలు గీసే చదువు కనుక, ఎండదెబ్బ తినే లోపలి ఊళ్లకు చిన్న చిన్న పార్కులు గీసిచ్చే ఒక ఆఫీసులో కుదురుకున్నాను. అక్కడి మా సీనియర్ రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న పెద్దాయన, నలభై ఏళ్లు పెన్సిలుతో గీసిన మనిషి. అందరూ ఆయన్ని పేరుతోనే పిలిచేవారు గానీ నాకు నోరు రాక సార్ అంటే, ఆ సార్ ఎవరా అన్నట్టు వెనక్కి తిరిగి చూసి నవ్వేవారు. మాది వానలు మొహం చాటేసే ఊరని తెలిశాక, ఎండ సంగతి నాకంటే నీకే బాగా తెలుసమ్మాయ్ అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నారు, ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో!

నాకు సొంతంగా ఇచ్చిన మొదటి పని ఎడారి అంచున ఉన్న ఒక గనుల ఊరిది. ఖాళీ స్థలం, మధ్యలో రెండు పెద్ద గమ్ చెట్లు, మన నీలగిరి చెట్ల జాతివి. వాటి కొమ్మలు ఉన్నట్టుండి విరిగి పడతాయట, అందుకని బెంచీలు చెట్ల కింద కాక, నీడ అందేంత దూరంలో వేయాలి. ఊరు చూడకుండా, కొలతల కాగితం ముందు పెట్టుకుని గీశాను. కాయ ఇంటికి చేరే కాలంలో మా అమ్మ ఎప్పుడూ ఉత్తరపు గోడ నీడనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేది, ఆ చల్లదనం నా వీపుకు ఇంకా గుర్తే. అందుకే బెంచీలు, ఉయ్యాలలు, జారుడుబల్ల అన్నీ చెట్లకు ఉత్తరాన పెట్టి, చెత్తబుట్టను దక్షిణానికి నెట్టాను. భూమధ్యరేఖ దాటి వచ్చాక సూర్యుడు ఉత్తరాన ఉంటాడని, నీడ దక్షిణానికి పడుతుందని బడిలో చదివినదాన్నే, పరీక్షలో రాసినదాన్నే. ఏడాదికి పైగా ఇక్కడ బతుకుతూ ఒక్కసారి కూడా నీడ వంక చూడలేదు.

మా సీనియర్ చూసి ఉంటే క్షణంలో పట్టేసేవారు. కానీ ఆ వారమంతా ఆయన్ని ఊరూరా పార్కుల్లో నీళ్లు చిమ్మే గొట్టాల టైమర్లు కొత్త సంవత్సరానికి ఆగిపోతాయేమో చూసి రమ్మని తిప్పారు. అలసిపోయి వచ్చి, నువ్వు గీశాక నేను చూసేదేముందని సంతకం పెట్టేశారు.

జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఏమీ కానందుకే మా ఆయన ఉద్యోగం పోయింది.

ఫిబ్రవరిలో, ఇక్కడి వేసవి చివర్లో, పార్కు ప్రారంభానికి సీనియరూ నేనూ కారులో వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, బెంచీలన్నీ ఎండలో మాడుతున్నాయి. జారుడుబల్ల ఎక్కిన చిన్నపాప చురుక్కుమని కాలి ఏడుస్తుంటే వాళ్లమ్మ ఎత్తుకుని పరుగెత్తింది. ఊరి జనమంతా చెట్లకు అవతల, చెత్తబుట్ట చుట్టూ నిలబడి ఉన్నారు. నీడంతా అక్కడే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన టోపీ తీసి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసి, మళ్లీ పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చి, రేపు ఆఫీసులో నా తప్పని చెప్పేస్తానన్నాను. మా ఆయన, "గమ్మునుండు. ఇంట్లో ఉండేది నీ ఉద్యోగమొకటే, అది పోతే మనం మళ్లా ఊరికి పోవాల్సిందే. సంతకం పెట్టిన ఆ సారు పెద్దాయన, ఇంకో ఏడాదికి ఎట్లాగూ మానేసేటోడే" అన్నాడు. ఆయన అన్నాడని కాదు, అలా ఎవరో ఒకరు అంటే బాగుండునని నేనూ ఎదురుచూశాను.

మర్నాడు మీటింగులో, కాగితం మీద సంతకం నాది, చూడవలసింది నేను, అని మా సీనియర్ మామూలుగా చెప్పేశారు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆ నెలలోనే ఆయన్ని పంపించేశారు. ఉత్తరమేదో దక్షిణమేదో తెలియనంత ముసలివాడైపోయాడని టీ దగ్గర నవ్వుకున్నారు, ఆ నవ్వులప్పుడు కూడా నేను అక్కడే ఉన్నాను. చివరి రోజు మధ్యాహ్నం ఆయన నన్ను కారు పార్కింగులోకి తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టి, నీ నీడ ఎటు పడిందో చూసుకో అన్నారు. కోపం లేదు, కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పినట్టే చెప్పి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. కొన్నేళ్లకు పోయారని పేపర్లో చూశాను. అంత్యక్రియలకు వెళ్లలేదు, ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను?

ఆ తర్వాత నేను ఎన్నో పార్కులు గీశాను, ఒక్కదాంట్లోనూ బెంచీ ఎండలో పడలేదు. ఇప్పుడు నీడ లెక్క వేలి కొనమీద ఉంది. మా కాలపు తప్పు ఇప్పటి పిల్లలు చేయమన్నా చేయలేరు. అలాంటి తప్పుకు తన సంతకాన్ని అడ్డుపెట్టే మనిషి కూడా నాకు మళ్లీ తారసపడలేదు.

మా అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. మా పాత సీనియర్ ఒకాయన నేర్పారమ్మా అన్నాను. "సో స్వీట్" అంది. ఎందుకు నేర్పవలసి వచ్చిందో మాత్రం నిన్న కూడా చెప్పలేదు.