రికార్డు గది రెండో తాళంచెవి

అరవయ్యో దశకం మొదట్లో, ఒక జూన్ నెలలో, నన్ను మెదక్‌లోని ఒక సర్కారు కచేరీకి రికార్డు కీపరుగా బదిలీ చేశారు. భూముల కాగితాలన్నీ ఎర్రగుడ్డ మూటల్లో కట్టి, ఊరివారీగా అరల్లో పేర్చిన గది నా బాధ్యత. మూటను బస్తా అనీ, అందులోని ఫైలును మిసిల్ అనీ అనేవారు. గది తలుపుకు రెండు తాళాలు. ఒకదాని చెవి నా దగ్గర, రెండోది సీనియర్ గుమాస్తా గౌస్ సాబ్ దగ్గర. ఇద్దరం లేనిదే తలుపు తెరుచుకోదు. తెరిచిన ప్రతిసారీ వేళ, కారణం తాళాల రిజిస్టరులో రాసి ఇద్దరమూ సంతకం చేయాలి. మారు తాళంచెవులు సీలు వేసి జిల్లా కేంద్రమైన సంగారెడ్డిలో ఉంచేవారు.

గౌస్ సాబ్ నిజాం కాలంలో నౌకరీలో చేరినవారు. పాత ఉర్దూ మిసిళ్లు గడగడా చదవగలిగింది మా కచేరీలో ఆయనొక్కరే.

ఒక ఉదయం మా పాపకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయని ఇంటినుంచి కబురొచ్చింది. అప్పటికే హవేలిఘనపూర్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు, తెల్లారితే కోర్టు వాయిదా ఉందని, నకలు కోసం వరండాలో కూర్చుని ఉన్నాడు. నియమం ప్రకారం నా చెవిని పై అధికారికి అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆయన క్యాంపులో ఉన్నారు.

"మీరు పోండ్రి సారూ. బిడ్డకు అట్లున్నప్పుడు ఈడ కూసుంటరా? జల్ది దవాఖానకు తీస్కపోండ్రి" అన్నారు గౌస్ సాబ్.

నా చెవి ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను. పాప రెండు రోజుల్లో కోలుకుంది. మూడో రోజు వచ్చి, ఆ రైతు నకలు కోసం గౌస్ సాబ్ ఒక్కరే గది తెరిచిన వేళకు ఎదురుగా, రిజిస్టరులో నా కోసం ఖాళీగా ఉంచిన చోట సంతకం చేశాను.

నెల తిరక్కముందే ఆ రైతు ఊరిదే మరో తగాదాలో ఒక మిసిల్ కావాల్సి వచ్చింది. బస్తాలో అది లేదు. ఆ బస్తాను చివరిసారి విప్పిన రోజు నేను దవాఖానలో ఉన్నాను. విచారణకు జిల్లా నుంచి అధికారి వస్తున్నారని తెలిసింది. నేను నోరు మెదపకపోతే నింద ఇద్దరికీ సమానం. నిజం చెబితే గదిలో గౌస్ సాబ్ ఒక్కరే ఉన్నట్టు తేలుతుంది, తప్పుడు సంతకానికి నాకూ శిక్ష పడుతుంది. ఆయన్ను కాపాడటానికే ఊరుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో నా భయమే ఎక్కువ.

విచారణకు ముందురోజు సాయంత్రం గౌస్ సాబ్ మా ఇంటికి వచ్చారు. పాప ఎట్లుందని అడిగి, తర్వాత అన్నారు: "సారూ, రేపు జరిగింది జరిగినట్టే చెప్పుండ్రి. నేను గూడ గట్లనే చెప్త."

"మీ మీదికొస్తది గౌస్ సాబ్."

"రానీండ్రి. నేను తియ్యలే. అబద్ధమాడితే, రేపు మిసిల్ దొర్కినా మనల్ని ఎవ్వరు నమ్మరు."

చెప్పాను. నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. గౌస్ సాబ్‌ను ఆ రోజే రికార్డు గది పని నుంచి తప్పించారు. ఆయన తన చెవి అప్పగిస్తూ రసీదు అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి షేర్వానీ జేబులో దాచుకున్నారు.

మూడు వారాలపాటు ప్రతి బస్తా విప్పి వెతికించారు. చివరికి మిసిల్ పక్క ఊరి బస్తాలో, మరో మిసిల్‌తో కలిపి కుట్టేసి కనిపించింది. కుట్టు దారం రంగు వెలిసిపోయి ఉంది. మేమిద్దరం ఆ గదికి రాకముందే ఎవరో చేసిన పొరపాటది. విచారణ మూసేశారు.

గౌస్ సాబ్‌కు చెవి తిరిగి ఇవ్వమని నేను రెండుసార్లు నోట్ పెట్టాను. అది ఇప్పుడు వేరొకరి దగ్గర ఉంది కదా అన్నారు పై అధికారి. ఆయన రిటైరయ్యేదాకా, కచేరీకి వచ్చే ఉత్తరాలకు నంబర్లు వేస్తూ కూర్చున్నారు. ఉర్దూ మిసిల్ అర్థం కాకపోతే పిలిచేవాళ్లం. లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు. గడప బయట నిలబడే చదివి పెట్టేవారు.

మనుషుల్ని నమ్మలేక రెండో తాళం పెట్టారని చేరిన కొత్తలో అనుకునేవాణ్ణి. కానీ ఏదైనా పోయిన రోజున, తానొక్కడే లోపల లేడనడానికి నిజాయితీపరుడికి అదొక్కటే సాక్ష్యం. నా చెవి ఇచ్చి, గౌస్ సాబ్‌కు ఆ సాక్ష్యం లేకుండా చేశాను. ఆ తర్వాత పనిచేసిన ఏ కచేరీలోనూ, ఎంత అవసరం వచ్చినా, రసీదు లేకుండా నా చెవి ఎవరికీ ఇవ్వలేదు. ఇంకొకరి చెవి నేను తీసుకోనూ లేదు.